రియలిజం అంటే అచ్చుగుద్దినట్టు గీయడమేనా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బొమ్మ బాగా కుదిరిందంటే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట "అబ్బ, అచ్చం ఫొటోలా ఉంది". దాని వెనకాలే "ఎంత రియలిస్టిక్‌గా ఉందో" అంటారు. తిరకాసంతా ఈ రెండో మాటలోనే ఉంది. రియలిస్టిక్ అన్నది పోలికకు సంబంధించిన సంగతి. రియలిజం అన్నది 1840ల చివర ఫ్రాన్స్‌లో మొదలైన ఒక చిత్రకళా ఉద్యమం. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల బొమ్మలు చూసేవాళ్ళూ, నేర్చుకునేవాళ్ళూ కూడా దారి తప్పుతున్నారు.

అపోహ: బొమ్మ ఎంత నున్నగా, ఎంత పోలికగా ఉంటే అంత రియలిజం

పోలికకు మన దగ్గర ఎప్పటినుంచో సొంత మాటే ఉంది: సాదృశ్యం. కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలో చెప్పిన చిత్రకళ షడంగాల్లో అదొకటి. సాదృశ్యం చేతిపనికి సంబంధించింది. రియలిజం అంతకంటే ముందు, ఏం గీయాలి, దాన్ని ఎంత పెద్దగా గీయాలి అనే దగ్గర తేలిపోతుంది.

1863లో పారిస్ సలోన్‌లో, అంటే ప్రభుత్వ ఆమోదంతో జరిగే పెద్ద చిత్రప్రదర్శనలో, అలెగ్జాండర్ కబనెల్ గీసిన 'వీనస్ జననం' పెట్టారు. అలలమీద పడుకున్న దేవత, పైన రెక్కల పసివాళ్ళు. ఒంటిమీద వెతికినా కుంచె గీత కనపడదు. మూడో నెపోలియన్ చక్రవర్తి మెచ్చి కొనుక్కున్నాడు. ఇది రియలిజం కాదు, రియలిజం ఎదిరించిన అకాడమీ పద్ధతి. అదే రోజుల్లో గుస్తావ్ కూర్బే (1819–1877) రంగును కత్తితో గోడకు గచ్చు మెత్తినట్టు మెత్తుతున్నాడు. దగ్గరికెళ్తే బొమ్మ రాయీ మట్టీలా గరుగ్గా ఉంటుంది. రియలిస్టు అతనే. చిత్రకళ మూర్తమైన కళ, నిజంగా ఉన్న వస్తువులనే అది చూపగలదు అని 1861లో విద్యార్థులకు రాసిన లేఖలో తేల్చి చెప్పాడు. 1855 ప్రపంచ ప్రదర్శన న్యాయనిర్ణేతలు అతని బొమ్మల్లో 11 తీసుకుని, పెద్దవాటిని తిప్పి పంపారు. దాంతో దగ్గర్లోనే సొంత ఖర్చుతో పందిరి వేయించి, 40 బొమ్మలు పెట్టి, దానికి 'రియలిజం' అని పేరు పెట్టాడు. ఆ ప్రదర్శనకు వేసిన కరపత్రంలోనే, రియలిస్టు అనే బిరుదు తనకు ఎవరో తగిలించిందేనని కూడా రాశాడు.

అపోహ: రాజా రవివర్మ మన తొలి రియలిస్టు

రవివర్మ (1848–1906) నూనెరంగుల పనితనం, నగల మెరుపు, పట్టుచీర మడతల్లో వెలుగునీడలు, ఇవన్నీ యూరప్ అకాడమీ పద్ధతికి చెందినవి. మన ఇళ్ళ గోడలకెక్కిన లక్ష్మీ సరస్వతుల పటాలకు మూలం ఆయనే. కంటికి కనపడని దేవతలకు కనపడే ఒళ్ళు ఇచ్చాడాయన. కనపడనిది గీయనని మొండికేసినవాడు కూర్బే. ఇద్దరి పనీ ఎదురుబొదురు. రవివర్మ గొప్పదనానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. లేబుల్ ఒక్కటే తప్పు.

అపోహ: పేదవాళ్ళను గీసినందుకే అంత గొడవైంది

పేదవాళ్ళను గీయడం అప్పటికే పాత సంగతి. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు కల్లుపాకల్నీ వంటింటి పనివాళ్ళనీ గీశారు. ఫ్రాన్స్‌లోనే లె నాన్ సోదరులు రైతు కుటుంబాలను గీశారు. ఎవరూ కంగారు పడలేదు. డచ్చి బొమ్మల్లో చాలావరకు చంకలో పెట్టుకుపోయేంత చిన్నవి, గదిలో తగిలించుకునేవి.

కంగారంతా కొలత దగ్గర మొదలైంది. ఫ్రెంచి అకాడమీలో బొమ్మలకు వరస ఉండేది. పురాణం, మతం, చరిత్ర పైమెట్టు. ఆ తర్వాత రూపచిత్రం, దినచర్య, ప్రకృతి, అన్నిటికన్నా కింద నిశ్చలచిత్రం. నిలువెత్తు మనుషులతో గోడంత కాన్వాసు పైమెట్టువాళ్ళ సొత్తు. కూర్బే 'ఒర్నాన్‌లో అంత్యక్రియలు' 315 సెంటీమీటర్ల ఎత్తు, 668 సెంటీమీటర్ల వెడల్పు, అంటే పదడుగుల పైన ఎత్తు, దాదాపు 22 అడుగుల వెడల్పు. అందులో ఉన్నది రాజు కాదు, అపొస్తలుడు కాదు. ఒక పల్లెటూళ్ళో ఎవరికో జరుగుతున్న ఖననం. నలభై మందికి పైగా మనుషులు, అందరూ ఆ ఊరివాళ్ళే, నిలువెత్తున. మేయరున్నాడు, పూజారి ఉన్నాడు, కూర్బే తల్లీ చెల్లెళ్ళూ ఉన్నారు.

కూర్పు చూడండి. అకాడమీ బొమ్మలో మనుషుల్ని త్రికోణంగా పేర్చి, శిఖరం దగ్గర ముఖ్యుణ్ణి నిలబెడతారు. ఇక్కడ తలలన్నీ ఒకే వరసలో, బంతిలో కూర్చున్నట్టు, ఈ చివర నుంచి ఆ చివరికి సాగిపోతాయి. వెనకాల కొండల గీత కూడా అలాగే బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో ఉన్నది గొయ్యి. దాన్నీ కింది అంచు కోసేసింది, కాబట్టి చూసేవాడు గొయ్యి ఒడ్డునే నిలబడినట్టు ఉంటుంది. ఒక కుక్క పక్కకు తిరిగి చూస్తూ ఉంటుంది. ఎవరి ముఖంలోనూ నాటకీయమైన శోకం లేదు. 1848 విప్లవంతో ఫ్రాన్స్‌లో మగవాళ్ళందరికీ ఓటు వచ్చి రెండేళ్ళయింది. పల్లెజనం నిలువెత్తున పారిస్‌లో గోడకెక్కితే నగరపెద్దలకు గుబులెందుకు పుట్టిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత పెద్ద బొమ్మ సలోన్‌లోకి ఎలా దూరిందన్న అనుమానం రావచ్చు. 1849లో వచ్చిన పతకం వల్ల కూర్బే బొమ్మలకు వడపోత ఉండేది కాదు. 1850–51 సలోన్‌కు 'అంత్యక్రియలు', 'రాళ్ళు కొట్టేవాళ్ళు' రెండూ నేరుగా వెళ్ళాయి. ('రాళ్ళు కొట్టేవాళ్ళు' ఇప్పుడు లేదు. 1945లో డ్రెస్డెన్ మీద జరిగిన బాంబుదాడుల సమయంలో నాశనమైంది. పుస్తకాల్లో చూస్తున్నది పాత ఫొటోల నకళ్ళే.) కొలతను ఇలాగే వాడుకున్న మరొకరు ఫ్రెంచి చిత్రకారిణి రోజా బోనర్. ఆమె 'గుర్రాల సంత' దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తు, పదహారున్నర అడుగుల వెడల్పు. సంతలో తిరిగి గుర్రాలను గీసుకోవడానికి ఆమె ప్యాంటు వేసుకునేది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు అలా వేసుకోవాలంటే పారిస్ పోలీసుల అనుమతి కాగితం ఉండాల్సి వచ్చేది.

అపోహ: రియలిస్టులు కళ్ళెదుట ఉన్నదాన్ని ఉన్నచోటే కూర్చుని గీశారు

అది ఎక్కువగా తర్వాతి తరం అలవాటు. కూర్బే రాళ్ళు కొట్టేవాళ్ళను దారిలో చూశాడు, మర్నాడు స్టూడియోకి రమ్మన్నాడు. 'చిత్రకారుడి స్టూడియో'లో నిలబడిన నగ్నమోడల్ కోసం ఫొటో తెప్పించుకున్నాడు. మరో ఫ్రెంచి రియలిస్టు జాన్ ఫ్రాన్స్వా మిలే ఎక్కువగా జ్ఞాపకం నుంచే గీసేవాడు. జర్మనీలో అడాల్ఫ్ మెంజెల్ 'ఇనుము సాగదీసే మిల్లు' (1872–75) కోసం ఫ్యాక్టరీలో వందకు పైగా స్కెచ్‌లు వేసుకుని, బొమ్మను మాత్రం ఇంటిదగ్గర కట్టాడు.

కట్టడం అంటే ఏమిటో మిలే 1857 బొమ్మలో తెలుస్తుంది. ఇంగ్లీషు పేరు చూసి దాన్ని 'గింజలు ఏరేవాళ్ళు' అంటుంటారు. మనకు ఇంకా సరైన మాటే ఉంది: పరిగ ఏరేవాళ్ళు. కోతలయ్యాక చేలో మిగిలిన వెన్నులను పేదవాళ్ళు ఏరుకోవడం అక్కడా ఉన్నదే. ముగ్గురు ఆడవాళ్ళు, ఒకే పనిలో మూడు దశలు: ఒకామె చెయ్యి నేలమీదకు చాస్తోంది, ఒకామె ఏరుతోంది, మూడో ఆమె సగం లేచి చేతిలో పనను సరిచేసుకుంటోంది. ఆకాశపు గీతను పైకి జరపడంతో వంగిన ఇద్దరి నడుములూ దాన్ని దాటవు, నేల వాళ్ళను కిందికి లాగుతున్నట్టే ఉంటుంది. వెనకాల ఎండలో కుప్పలు, బండి, గుర్రంమీద అజమాయిషీ చేసేవాడు. వాళ్ళకు ఆ పంటతో ఎంత దూరమో ఆ చిన్న బొమ్మలే చెబుతాయి. ఫొటోలో ఇలా దొరకదని కాదు గానీ, దొరికేదాకా కాచుకోవాలి.

అపోహ: ఆ బొమ్మల నలుపంతా పాత వార్నిష్, మసి. కడిగితే తేటపడతాయి

కొంత నిజం. వార్నిష్ పసుపెక్కుతుంది, దాన్ని నిపుణులు తీస్తారు. కానీ మిగతా నలుపు కడిగితే పోదు.

మొదటి కారణం అడుగు పూత. కూర్బే ముదురు గోధుమ, నలుపు పూసిన కాన్వాసు మీద మొదలుపెట్టి చీకటి నుంచి వెలుగులోకి వచ్చేవాడు. నూనెరంగు పొరలు ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త పారదర్శకమవుతాయి. పైన వెలుగు రంగు పలచగా ఉన్నచోట అడుగు చీకటి పైకి తేలుతుంది.

రెండోది బిట్యుమెన్, అంటే తారుజాతి పదార్థం. పూసినప్పుడు తేనెరంగులో నిగనిగలాడుతుంది, ఆ ఆశతోనే 19వ శతాబ్దంలో చాలామంది వాడారు. అది పూర్తిగా ఎప్పటికీ ఆరదు. పైపొర ఆరి బిగుసుకుంటే అడుగున అది కదులుతూనే ఉంటుంది, అందుకే మొసలి చర్మంలా వెడల్పాటి పగుళ్ళు. హంగరీ రియలిస్టు మిహాయ్ ముంకాచీ బొమ్మలు దీనివల్లే బాగా దెబ్బతిన్నాయి. ఆ ఛాయ కావాలంటే బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు)లో పారదర్శక ఐరన్ ఆక్సైడ్ ఎర్ర కలిపి పలచగా పూయండి, చాలు.

అపోహ: నైఫ్‌తో (రంగు మెత్తే కత్తితో) పూయడం అంటే తొందర పని, డ్రాయింగ్ రానివాళ్ళ పని

చేసి చూస్తే తెలుస్తుంది. 12 x 16 అంగుళాల ప్రైమ్ చేసిన కాన్వాసు చాలు. బర్న్‌ట్ అంబర్ యాక్రిలిక్‌ను నీళ్ళతో పలచన చేసి మొత్తం పూయండి. తెలుపు 1, నలుపు 10 అనుకుంటే ఈ పూత 7 దగ్గర ఉండాలి. 9 దాకా పోతే తర్వాత వేసే రంగులన్నీ సుద్దలా కనిపిస్తాయి. యాక్రిలిక్ మీద నూనెరంగు నిలుస్తుంది. నూనె మీద యాక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వేయకూడదు, ఊడొస్తుంది. నూనెరంగే పూయాలనుకుంటే టర్పెంటైన్‌తో పలచన చేసిన అంబర్ వాడి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఐవరీ బ్లాక్ అడుగుపొరకు వద్దు. నూనె ఎక్కువ, ఆరడం చాలా ఆలస్యం, పైపొర పగులుతుంది.

డ్రాయింగ్ తెల్ల సుద్దతో. ముదురు పూత మీద బొగ్గు కనపడదు. నీడలు వేయొద్దు, అడుగు పూతే నీడ. మధ్యఛాయ, వెలుగు, అన్నిటికన్నా గట్టి వెలుగు, ఈ మూడూ ముందే ప్యాలెట్ మీద కుప్పలుగా కలిపి పెట్టుకోండి. నైఫ్‌తో పూస్తూ మధ్యలో రంగు కలపడం మొదలుపెడితే చెయ్యి ఆగిపోతుంది. మధ్యఛాయతో మొదలుపెట్టి, వెలుగు చివర్న. మెడ వంగిన పెయింటింగ్ నైఫ్ వాడాలి. రంగు కలుపుకునే తిన్నటి ప్యాలెట్ నైఫ్‌తో పూస్తే వేళ్ళు తడిరంగులో పడతాయి. ఒక పూత వేసి వదిలేయండి. అదే చోట ముందుకీ వెనక్కీ తిప్పితే అడుగు రంగు లేచి బురదవుతుంది.

ఎక్కువగా చెడేది మూడు చోట్ల. వెలుగును పలచగా వేస్తే, పైన చెప్పినట్టే, కొన్నేళ్ళకు చీకటి మింగేస్తుంది. వెలుగు చిక్కగా, కప్పేసేలా ఉండాలి. చిక్కదనం కోసం నూనె కలిపితే పైన మీగడ కట్టి ముడతలు పడుతుంది. ట్యూబు నుంచి వచ్చిన రంగును వచ్చినట్టే వాడాలి. అంబర్ ఉన్నచోట్ల ఆరాక మెరుపు పోయి మచ్చలుగా కనపడితే రంగు పాడైందనుకుని మళ్ళీ పూస్తారు. అక్కర్లేదు. ఒక్క చుక్క లిన్సీడ్ (అవిసె) నూనె గుడ్డతో రాసి, మిగులును పూర్తిగా తుడిచేస్తే ఛాయ తిరిగి వస్తుంది. వార్నిష్ కనీసం ఆరు నెలల తర్వాత, దళసరి బొమ్మకు ఏడాది ఆగినా తప్పులేదు. కోస్తాలో వానాకాలంలో మొదలుపెట్టిన బొమ్మ ఇంకా నిదానంగా ఆరుతుంది.

చిన్న అపోహలు మరో రెండు

రియలిస్టులంతా విప్లవకారులని అనుకోవద్దు. కూర్బే 1871 పారిస్ కమ్యూన్‌లో, అంటే నగరాన్ని కొన్నాళ్ళు ఏలిన తిరుగుబాటు ప్రభుత్వంలో, పాల్గొన్నాడు, ఆరు నెలల జైలుశిక్ష పడింది, పారిస్‌లో నెపోలియన్ విజయాల గుర్తుగా నిలిపిన వెండోమ్ స్తంభాన్ని కూల్చిన నేరానికి తిరిగి నిలబెట్టే ఖర్చు 3,23,091 ఫ్రాంకులు అతని నెత్తిన పడింది. మొదటి వాయిదా గడువుకు ముందురోజు స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు. మిలే మాత్రం సోషలిస్టు ముద్రను చివరిదాకా కాదన్నాడు.

సోషలిస్టు రియలిజం దీని కొనసాగింపేననడమూ సరికాదు. అది 1934 నాటికి సోవియట్ ప్రభుత్వం ఖాయం చేసిన విధానం. ఉన్నదాన్ని కాదు, ఎలా ఉండాలని ప్రభుత్వం అనుకుంటుందో దాన్ని చూపాలి. పద్ధతి మాత్రం ఇల్యా రేపిన్ లాంటి పాత రష్యన్ రియలిస్టుల నుంచి అరువు తెచ్చుకుంది.

అపోహ: ఇంప్రెషనిజం రాగానే రియలిజం పనైపోయింది

1870లో ఇంప్రెషనిస్టుల్లో ముఖ్యుడైన క్లోద్ మోనే పెళ్ళికి సాక్షి సంతకం చేసింది కూర్బే. కళ్ళెదుటి కాలాన్ని గీయాలన్న పట్టుదల ఇంప్రెషనిస్టులకు అక్కడినుంచే వచ్చింది, రంగులు తేటపడ్డాయి అంతే. రష్యాలో 1863లో 14 మంది విద్యార్థులు అకాడమీ ఇచ్చిన నార్డిక్ పురాణ విషయాన్ని గీయబోమని బయటికి వచ్చేశారు. ఆ ఒరవడిలోనే 1870లో సంచార ప్రదర్శనల సంఘం పుట్టి బొమ్మల్ని ఊరూరా తిప్పింది. రేపిన్ 'వోల్గా పడవ లాగేవాళ్ళు'లో 11 మంది కూలీలూ ఎవరికి వారే వేరు ముఖాలు, వేరు ఒళ్ళు. అమెరికాలో థామస్ ఈకిన్స్ 1875లో శస్త్రచికిత్సను, డాక్టరు వేళ్ళమీద నెత్తురుతో సహా, ఎనిమిది అడుగుల ఎత్తున గీస్తే 1876 ప్రదర్శనలో కళావిభాగం వద్దంది. చివరికి దాన్ని సైనిక ఆసుపత్రి నమూనాలో, మంచాల మధ్య వేలాడదీశారు. వాన్ గో 1889–90లో ఆసుపత్రిలో ఉంటూ మిలే బొమ్మల అచ్చులు ముందు పెట్టుకుని ఇరవై దాకా నూనెరంగుల్లో మళ్ళీ గీశాడు. నలుపు తెలుపు అచ్చు చూసి రంగులు తనే ఊహించాడు.

మన ఉపఖండంలో దీనికి అసలు వారసులను వెతకాలంటే 1943 బెంగాల్ కరువు దగ్గరికి వెళ్ళాలి. చిత్రకారుడు చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లా తిరిగి, చూసినవాళ్ళ పేర్లతో సహా గీసి 'హంగ్రీ బెంగాల్' అచ్చువేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని నాశనం చేసింది. జైనుల్ ఆబెదిన్ కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ళను, వాళ్ళ పక్కన కాకులను, పొట్లాలు కట్టే చవక కాగితం మీద నల్లసిరాతో గీశాడు. కుంచెలో తడి ఎంత తక్కువంటే ఎముకలమీది చర్మం గీతల్లోనే గరుకుగా కనపడుతుంది.