కూర్చోబెట్టి మేపుతున్నారా? మంజీర ఒడ్డున 'కరువు పని' వెనుక కథ

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్ తాలూకాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లల్లో ఉపాధి హామీ పనిని ఇప్పటికీ చాలామంది 'కరువు పని' అనే అంటారు. మంజీర అవతల నిజామాబాద్ వైపూ అదే మాట. వానలు దంచికొట్టిన ఏడు కూడా అది కరువు పనే. పని లేనివాడికి సర్కారు డబ్బులిస్తే నిలదొక్కుకుంటాడా, సోమరిపోతు అవుతాడా అని చాయ్ హోటళ్లలో నడిచే వాదం వయసెంతో ఆ పేరే చెబుతుంది.

1876-78 కరువులో మద్రాసు, బొంబాయి ఇలాకాలతో పాటు నిజాం రాజ్యమూ మాడిపోయింది. అప్పుడు ఖర్చు మీద కాపలాకు బ్రిటిష్ సర్కారు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్. అంతకు ముందు 1874లో బీహార్ కరువులో జనాన్ని బతికించడానికి ధారాళంగా ఖర్చుపెట్టి, దుబారా చేశాడని మాటలు పడ్డవాడే. ఈసారి ఆ పేరు తుడుచుకోవాలనుకున్నాడు కాబోలు, 1877లో కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. రోజంతా మట్టి మోసే మనిషికి ఇది సరిపోదని మద్రాసులో ప్రజారోగ్యం చూసే అధికారి డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. ఇంటికి దూరంగా పని పెడితే నిజంగా ఆకలైనవాళ్లే వస్తారన్న లెక్క కూడా అప్పటిదే. సాయం అడిగినవాడిని ముందు అనుమానించాలి అన్న పద్ధతి మన దగ్గర అక్కడే పాతుకుంది.

ఇంగ్లండ్ తన కార్మికులకు వేరే దారి చూసుకుంది. 1911 చట్టంతో కొన్ని పరిశ్రమల్లో పనిచేసేవాళ్ల చేత చందా కట్టించి, పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాల దాకా ఇచ్చింది. నిరుద్యోగ భృతి బద్ధకం పెంచుతుందా అన్న పరిశోధనలు ఎక్కువగా ఇలాంటి బీమా చుట్టూ తిరుగుతాయి. వాటిని తెచ్చి మన పలుగూ పారా పనికి అతికించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

మా వైపు ముసలివాళ్లు కాలాన్ని '72 కరువుకు ముందు, తర్వాత అని కొలుస్తారు. మా నాయనమ్మ ఆ ఏడాది రోడ్డు పక్కన కంకర కొట్టింది. పెద్ద రాయి ముందేసుకుని, చీర కొంగు కళ్లకు అడ్డం కట్టుకుని, సుత్తితో కొడుతూ పోవడమే. సాయంత్రం కుప్ప కొలిచి రాసుకునేవాళ్లు. పని దగ్గర పంచిన సుకడీ పిండి, రేషన్‌లో వచ్చిన మిలో అనే ఎర్ర జొన్న రుచి చివరిదాకా ఆమెకు గుర్తే. "రొట్టె చెయ్యబోతే విరుగుతుండె, గొంతు దిగకపోతుండె" అనేది. 1973 వేసవిలో మహారాష్ట్ర అంతటా ఇలాంటి పనుల మీద దాదాపు 50 లక్షల మంది ఉన్నారు.

ఆ జనాన్ని చూశాకే కరువు సాయం హక్కుగా మారింది. శాసనమండలి అధ్యక్షుడు వి.ఎస్. పాగే 1965 ప్రాంతంలో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలో మొదలుపెట్టిన చిన్న ప్రయోగం, 1972లో రాష్ట్రమంతా రోజ్‌గార్ హమీ యోజన, అంటే ఉపాధి హామీ పథకం, అయింది. 1977లో చట్టం చేసి, 1979 జనవరి 26 నుంచి అమలు చేశారు. 1975 నుంచి నెల జీతాలవాళ్ల దగ్గర వృత్తి పన్ను వసూలు చేసి దీనికి మళ్లించారు. ముంబై గుమాస్తా జీతంలో కోత, బిలోలీ కూలీ చేతిలో డబ్బయిందన్నమాట. పని చూపించలేకపోతే భృతి ఇవ్వాలని కూడా రాశారు. ఎంతో తెలుసా? రోజుకు 1 రూపాయి.

1988లో కూలి దాదాపు రెట్టింపయ్యాక ఇంకో సంగతి బయటపడింది. అడిగినవాళ్లందరికీ పని దొరకడం తగ్గిందని మార్టిన్ రావలియన్, మరికొందరు ఆర్థికవేత్తలు తేల్చారు. హామీ కాగితం మీద ఉన్నా, పనులు తెరవడం ఆఫీసర్ల చేతుల్లో ఉంటుంది కదా.

2005 కేంద్ర ఉపాధి హామీ చట్టం ఇదే నమూనాను దేశానికంతా తెచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మొదలైన తొలి 200 జిల్లాల్లో నాందేడ్ కూడా ఉంది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని. అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే, మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం భృతి. 2025 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో కూలిని 312 రూపాయలు చేశారు. పావు వంతంటే 78. మంచి నూనె ప్యాకెట్ కూడా రాని ఆ 78 రూపాయల కోసం ఎవరు పని మానుకుని ఇంట్లో కూర్చుంటారు?

ఆ 78 కూడా చేతికొస్తేనే. ఆ 2005 చట్టం ప్రకారం కూలి డబ్బు కేంద్రానిది, భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. పని చూపించని రాష్ట్రానికి జరిమానాలా ఉంటుందని చట్టం అలా రాశారు. జరిమానా పడకుండా తప్పించుకునే దారి ఒక్కటే, పని అడిగినట్టు రుజువు లేకుండా చేయడం. రెండేళ్ల కింద మా ఊళ్లో మా చిన్నమ్మతో పాటు ఆరుగురు ఆడవాళ్లు దరఖాస్తు ఇచ్చారు. నెల దాటాక, దరఖాస్తులు రాసుకునే అబ్బాయిని అడగబోతే, పావతి (రసీదు) మీద మాటలు ఇలా నడిచాయి.

"పావతి ఉందా అక్కా?"

"నువ్వియ్యలేదు కదా తమ్మీ."

"మరి ఎప్పుడు అడిగిండ్రని రాసుకోవాలె?"

తేదీ ఉన్న పావతి లేకపోతే 15 రోజుల లెక్కే మొదలు కాదు. మా చిన్నమ్మ ఆ వారమే ఇటుక బట్టీకి పోయింది.

రైతుల ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయలేను. సోయా కోతకొచ్చినప్పుడు కైకిలోళ్లు దొరకరు, దొరికినా రేటు మండిపోతుందని చిన్న రైతు బాధపడితే అందులో నిజముంది. అయితే కరువు పని ఎక్కువగా నడిచేది ఎండాకాలంలో, చేలు ఖాళీగా ఉన్నప్పుడు. కోతల టైములో మనుషులను లాక్కుపోతున్నది ఎక్కువగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు, బట్టీల అడ్వాన్సులు. కరువు పని వల్ల జరిగిందల్లా, "ఇంతకు వస్తే రా, లేకుంటే పో" అన్నప్పుడు పోవడానికి ఇంకో చోటు ఉండడం. అసలు గుచ్చుకున్నది అదేనని నా అనుమానం.

ఫ్యాక్టరీల వాళ్లకు ఈఎస్ఐ (కార్మిక బీమా) కింద 2018లో అటల్ పథకం వచ్చింది. పని పోతే సగటు సంపాదనలో 25 శాతం, 2020లో దాన్ని 50 శాతం చేశారు. 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారే. చదువుకున్నవాళ్లకు 2024లో మహారాష్ట్ర శిక్షణ పేరుతో నెలకు 6,000 నుంచి 10,000 దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. వట్టిగా ఇస్తే పాడవుతారన్న భయం ఇక్కడా ఉంది, అందుకే 'శిక్షణ' అన్న మాట తగిలించారు.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. 100 రోజులు 125 అయ్యాయి. విత్తే కాలం, కోసే కాలం కలిపి ఏడాదిలో 60 రోజులు ఈ పనులు ఆపాలని కూడా అందులో ఉంది. అంటే సోయా కోత రోజుల్లో రేటు మాట్లాడుకునేటప్పుడు, మా చిన్నమ్మకు పోవడానికి ఆ ఇంకో చోటు ఉండదు. రాత్రి ఫోన్లో ఈ సంగతి చెబితే, "125 రోజులు సరే బిడ్డా, పావతి ఇస్తరా?" అంది.