ఒకే బరువు, వేరే పొడవు: రాగి బుల్లెట్ వెనకున్న లెక్కలు

ఒకే వేట రైఫిల్‌కి సరిపడే రెండు బుల్లెట్లని బల్ల మీద పక్కపక్కన నిలబెడితే ఒక తేడా వెంటనే కనిపిస్తుంది. రెండూ 150 గ్రెయిన్లే, అంటే 9.7 గ్రాములు. ఒకదానిలో సీసం నింపి పైన పల్చటి రాగి తొడుగు వేశారు. రెండోది మొత్తం రాగి. రాగిది పొడవుగా ఉంటుంది. (ఇత్తడి కేసు, తుపాకి మందు, దాన్ని రాజేసే ప్రైమర్, బుల్లెట్ అన్నీ కలిస్తే తూటా. బుల్లెట్ అంటే అందులోంచి ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే.) సీసం నుంచి రాగికి మారేవాళ్లు ధర చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, డబ్బా మీద రాసిన వేగం చూస్తారు. పొడవు సంగతి చాలామందికి తట్టదు. తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం అక్కడి నుంచే మొదలవుతాయి.

ముందు, సీసం చేసిన తప్పేమిటో చూద్దాం. బుల్లెట్ చేయడానికి అంతకన్నా అనువైన లోహం దొరకదు. బరువుంది, మెత్తగా ఉంటుంది, చవక, 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. కానీ ఆ మెత్తదనమే చిక్కు తెచ్చిపెట్టింది. వేగంగా వెళ్లి జంతువుని తాకినప్పుడు సీసం నలిగి, చిట్లి, కంటికి కనిపించనంత చిన్న తునకలుగా మాంసంలోకి చెదిరిపోతుంది. అమెరికాలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో మామూలు సీసం బుల్లెట్లతో వేటాడిన 30 తెల్లతోక దుప్పుల కళేబరాలకి ఎక్స్‌రే తీశారు. ముప్పైలోనూ లోహపు తునకలు కనిపించాయి. వాటి మాంసాన్ని మాంసం దుకాణాల్లో కొట్టించి ప్యాకెట్లు కట్టిస్తే, 234 ప్యాకెట్లలో దాదాపు మూడో వంతులో తునకలు మిగిలే ఉన్నాయి. ఆ మాంసం తిన్న పందుల రక్తంలో సీసం పెరిగింది. నార్త్ డకోటా రాష్ట్రంలో 736 మంది రక్తాన్ని పరీక్షిస్తే, వేట మాంసం తినేవాళ్లలో సీసం డెసిలీటరుకు సగటున 0.3 మైక్రోగ్రాములు ఎక్కువగా తేలింది. పెద్దవాళ్లని బెంబేలెత్తించే సంఖ్యేమీ కాదు. కాకపోతే పసిపిల్లల మెదడు విషయంలో ఇంత వరకు ఫరవాలేదు అనదగిన స్థాయి సీసానికి లేదు.

అసలు దెబ్బ తిన్నవి రాబందులు. వేటగాడు జంతువుని కోసి అక్కడే వదిలేసే పేగులు, కాలేయం వాటికి విందు. వాటి కడుపులోని ఘాటైన ఆమ్లం సీసాన్ని కరిగించి నేరుగా రక్తంలోకి పంపుతుంది. కాలిఫోర్నియా కాండార్ అనే భారీ రాబందులు 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 మిగిలాయి. ఉన్నవాటిని పట్టి, పెంచి, మళ్లీ అడవిలోకి వదిలితే, వదిలినవి సీసం విషంతో చనిపోతూ వచ్చాయి. వాటి రక్తంలోని సీసం ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న సీసం పరమాణువుల) నిష్పత్తి తూటాల్లోని సీసంతో సరిపోలడంతో దోషి ఎవరో తేలిపోయింది. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలని పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024లో రైఫిల్ బుల్లెట్లకీ అదే దారి పట్టింది.

ఇక పొడవు దగ్గరికి వద్దాం. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. బ్యారెల్ లోపలి వ్యాసం మారదు కాబట్టి బుల్లెట్‌ని లావు చేసే వీల్లేదు. తగ్గిన సాంద్రతనంతా పొడవుతోనే పూడ్చాలి. 308 క్యాలిబర్‌లో, అంటే 7.8 మిల్లీమీటర్ల వ్యాసంలో, 9.7 గ్రాముల లోహాన్ని నున్నటి కడ్డీగా పోత పోస్తే సీసానిది 17.8 మిల్లీమీటర్లు, రాగిది 22.6 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు బుల్లెట్‌కి మొన ఉంటుంది, సీసం బుల్లెట్‌కీ రాగి తొడుగు ఉంటుంది కాబట్టి తేడా అచ్చంగా ఇంతే ఉండదు. ఉండటం మాత్రం ఖాయం.

పొడవైతే ఏమవుతుంది? బుల్లెట్ గాల్లో ముక్కు ముందుకు పెట్టుకుని వెళ్లేది బొంగరంలా తిరుగుతుంది కాబట్టే. బ్యారెల్ లోపలి మెలికల గాడులు దాన్ని తిప్పుతాయి. పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులున్న బ్యారెల్‌లోంచి సెకనుకు 850 మీటర్ల వేగంతో బయటపడే బుల్లెట్ నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇంత తిరిగినా పొడుగు బుల్లెట్‌కి అది చాలకపోవచ్చు. గాలి దాన్ని అడ్డం తిప్పేయాలని చూస్తుంటుంది, పొడవు పెరిగేకొద్దీ గాలికి పట్టు దొరుకుతుంది. బ్రిటిష్ గణితజ్ఞుడు జార్జ్ గ్రీన్‌హిల్ 1879లోనే దీనికొక సూత్రం ఇచ్చాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది డాన్ మిల్లర్ సూత్రం. దాని ప్రకారం, వ్యాసానికి నాలుగు రెట్లు పొడవున్న బుల్లెట్‌ని బరువు మార్చకుండా ఇరవై శాతం సాగదీస్తే స్థిరత్వం దాదాపు నలభై శాతం పడిపోతుంది. నలభై! సీసంతో హాయిగా పనిచేసిన రైఫిల్ అదే బరువు రాగి బుల్లెట్‌ని టార్గెట్ కాగితం మీద అడ్డంగా, తాళంచెవి రంధ్రం ఆకారంలో చించితే, తప్పు తుపాకీదీ కాదు, బుల్లెట్‌దీ కాదు.

చలికాలం దీన్ని ఇంకా దిగజారుస్తుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, బుల్లెట్‌ని ఎక్కువ కుదిపేస్తుంది. ఎండాకాలం కొండ మీద సరిచూసుకున్న బుల్లెట్ స్థిరత్వం అంచుమీద ఉన్నదైతే, గడ్డకట్టే చలిలో మైదానంలో గురి తప్పొచ్చు. ఇంకో మెలిక: చాలా రాగి బుల్లెట్లకి ముందు ప్లాస్టిక్ మొన ఉంటుంది. అది పొడవుని పెంచుతుంది గానీ బరువు దాదాపు లేదు. మొత్తం పొడవుని సూత్రంలో వేస్తే స్థిరత్వం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. కంపెనీలు డబ్బా మీద ఇంత ట్విస్ట్ కావాలని, అంటే గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరగాలో, రాస్తాయి. ధర కంటే ముందు చదవాల్సింది అదే.

దీనికి తేలికైన విరుగుడు ఒక మెట్టు తక్కువ బరువు ఎంచుకోవడం. సీసంలో 180 గ్రెయిన్లు వాడేవాళ్లు రాగిలో 165 గానీ 150 గానీ తీసుకుంటారు. బరువు తగ్గితే దెబ్బ తగ్గదా అని పాతకాలం వేటగాళ్లు మొహం చిట్లిస్తారు. సీసం బుల్లెట్ జంతువులోకి దిగాక ముప్పై నలభై శాతం దాకా బరువు పోగొట్టుకోవడం మామూలే. రాగిది దాదాపు మొత్తం నిలుస్తుంది. బయలుదేరినప్పటి బరువు కన్నా లోపలికి దిగాక ఎంత మిగిలిందన్నదే లోతుని తేలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది రాగి బుల్లెట్ విచ్చుకునే తీరు. మొనలో సన్నటి గుంట ఉంటుంది, దాని గోడలకి లోపలి వైపు నాలుగో ఆరో చీలిక గీతలు. శరీరం ఎక్కువగా నీరే కాబట్టి, బుల్లెట్ దూసుకెళ్లేటప్పుడు ఆ నీరు గుంటలోకి ఎక్కి గోడల్ని బయటికి తోస్తుంది. ఆ ఒత్తిడిని రమారమి లెక్క కట్టొచ్చు: నీటి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. సెకనుకు 800 మీటర్ల దగ్గర అది 320 మెగాపాస్కల్ వస్తుంది, గాలి పీడనానికి మూడు వేల రెట్లకు పైన. 550 దగ్గర 150కి పడిపోతుంది. 400 దగ్గర 80.

ఇప్పుడు లోహాల వైపు చూడండి. సీసం లొంగిపోవడానికి 15 మెగాపాస్కల్ కూడా అక్కర్లేదు. అందుకే అది ఏ వేగంలోనైనా నలుగుతుంది, ఎక్కువ వేగంలో తునాతునకలవుతుంది. వేడిచేసి మెత్తబరిచిన రాగి 70 మెగాపాస్కల్ లోపే వంగడం మొదలుపెడుతుంది, కానీ వంగేకొద్దీ గట్టిపడుతుంది. సాగదీసి గట్టిపరిచిన రాగికైతే 300 దాటాలి. అంటే దగ్గరలో, మంచి వేగంలో తగిలితే రేకులు చక్కగా వెనక్కి ముడుచుకుని వ్యాసం రెట్టింపవుతుంది. దూరం పెరిగి వేగం 550 కిందికి దిగిందంటే చాలా రాగి బుల్లెట్ల విషయం అనుమానమే. రేకులు విచ్చుకోకపోతే బుల్లెట్ సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చనిపోతుంది. వేటగాడికి ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి లేదు. మామూలు 308 బుల్లెట్ దాని ఆకారాన్ని బట్టి 400, 450 మీటర్లకల్లా ఆ వేగానికి పడిపోతుంది. పొట్టి బ్యారెల్ అయితే ఇంకా ముందే. కనీస వేగం ఎంతో తయారీదారు చెబుతాడు. తన రైఫిల్‌లో ఆ వేగం ఎంత దూరం వరకు నిలుస్తుందో లెక్కేసుకుని అక్కడ గీత గీసుకోవాలి, ఆ గీత దాటి ట్రిగ్గర్ నొక్కకూడదు.

తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునే హ్యాండ్‌లోడింగ్‌లో ఈ పొడవు మళ్లీ ఎదురవుతుంది. మ్యాగజైన్‌లో పట్టాలి కాబట్టి తూటా మొత్తం పొడవు పెంచలేం. బుల్లెట్ పొడవులో అదనంగా ఉన్నది కేసు లోపలికి దిగుతుంది. 308 కేసులో 56 గ్రెయిన్ల నీరు పడుతుంది, అంటే సుమారు 3.6 మిల్లీలీటర్లు. బుల్లెట్ నాలుగు మిల్లీమీటర్లు లోపలికి దిగితే 0.19 మిల్లీలీటర్లు, అయిదు శాతం, ఆక్రమిస్తుంది. అయిదు శాతమే కదా అనుకోకూడదు. మందు ఒత్తిడిలో ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చోటు కొద్దిగా తగ్గితే పీడనం అంతకు మించి ఎగబాకుతుంది. 308 విన్‌చెస్టర్ తూటాకి అమెరికా ప్రమాణ సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పీడనం 62,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అది ముఖానికి ఒక జానెడు దూరంలో జరిగే వ్యవహారం. కాబట్టి అదే బరువు సీసం బుల్లెట్‌కి రాసిన మందు కొలతని రాగికి వాడటం ఎంతమాత్రం కుదరదు. ఆ బుల్లెట్‌కే, ఆ మందుకే ప్రచురించిన పట్టిక చూసి, అందులోని కనిష్ఠ కొలత దగ్గర మొదలుపెట్టాలి.

రాగి గట్టిదనం మరో పని చేస్తుంది. బ్యారెల్ గాడులు బుల్లెట్ ఒంటిలోకి దిగాలి. సీసం మీది పల్చటి తొడుగు సులువుగా లొంగుతుంది, గట్టి రాగి మొరాయిస్తుంది. బుల్లెట్ మొదటి నుంచే గాడులకి ఆనుకుని ఉంటే కదలకముందే పీడనం ఎగిసిపడుతుంది. అందుకే కొంచెం పరుగు తీసే చోటు వదులుతారు, 1.3 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టమనడం పరిపాటి. విచిత్రమేమిటంటే సీసంతో గాడులకి దగ్గరగా పెట్టి గురి సాధించినవాళ్లు, రాగితో దూరం పెంచితేనే బుల్లెట్లు ఒకచోట పడటం చూసి తెల్లబోతుంటారు.

ర్యాండీ బ్రూక్స్ నడిపిన బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చిన ఎక్స్ బుల్లెట్ ఈ రకంలో అందరికీ తెలిసిన మొదటిది. దాని ఒళ్లు నున్నగా ఉండేది. బ్యారెల్‌లో రాగి పేరుకుపోతోందని జనం విసిగిపోయారు. 2003లో అదే కంపెనీ బుల్లెట్ చుట్టూ కొన్ని గాడులు కోసింది. పక్కకి తోసుకొచ్చే లోహానికి చోటు దొరికింది, రాపిడి తగ్గింది, పీడనం తగ్గింది. ఇంత చిన్న మార్పుతో రాగి బుల్లెట్‌కి ఉన్న చెడ్డపేరు చాలావరకు పోయింది. పాత మకిలి ఉన్న బ్యారెల్‌లో కొత్త రాగి బుల్లెట్లని పరీక్షించి అవి పనికిరావనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందు బ్యారెల్ మెరిసేలా శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు ఎగిరిపోతాయి.

పీడనం ఎక్కువైందని చెప్పే గుర్తులు, అంటే చదునైన ప్రైమర్, బిగిసిపోయిన బోల్ట్ (తూటా వెనక బ్యారెల్‌ని మూసే కడ్డీ), కేసు అడుగున మెరిసే గీత, ఇవన్నీ ఆలస్యంగా కనిపిస్తాయి. అంతకంటే నమ్మకమైనది వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. పట్టికలో ఉన్న గరిష్ఠ వేగం కన్నా మీ బుల్లెట్ వేగంగా పోతోందంటే సంతోషించకండి. ఉత్తినే వచ్చే వేగం ఉండదు, దాని వెనక పీడనం ఉంటుంది.

ఈ లెక్కలు ఒక చోట మాత్రం రాగికి ఎదురు తిరుగుతాయి: కుందేళ్ల వేటకి వాడే 22 రిమ్‌ఫైర్ రైఫిళ్లు, అంటే కేసు అంచు మీద కొడితే పేలే చిన్న తూటాలవి. మామూలు 22 బుల్లెట్ 40 గ్రెయిన్ల సీసం, వేగం సెకనుకు 330 మీటర్లు. పైన చెప్పిన ఒత్తిడి లెక్కలో వేస్తే 54 మెగాపాస్కల్. రాగి విచ్చుకునే లక్షణాలు లేవు. గాడులు 16 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే తిరుగుతాయి కాబట్టి అదే బరువులో పొడవైన రాగి బుల్లెట్‌ని స్థిరంగా తిప్పలేవు కూడా. అందుకని కొత్త దారులు వెతుకుతున్నారు. సీసీఐ కంపెనీ రాగి పొడిని ప్లాస్టిక్‌తో కలిపి నొక్కి 21 గ్రెయిన్ల బుల్లెట్ చేసి సెకనుకు 564 మీటర్ల వేగంతో పంపుతోంది. బరువు సగానికి సగం కోసి వేగాన్ని కొన్నారన్నమాట. అంత తేలికది గాల్లో ఆ వేగాన్ని త్వరగానే పోగొట్టుకుంటుంది, అందుకే దాంతో దగ్గరి గురే కుదురుతుంది.