కరెంటు పారని రెసిస్టర్

సెల్ టవర్ కింద ఉండే పరికరాలు టైమ్ సరిచూసుకోవడానికి చాలాచోట్ల జీపీఎస్ సిగ్నల్ వాడుకుంటాయి. ఒకే జీపీఎస్ యాంటెనా నుంచి రెండు రిసీవర్లకి సిగ్నల్ ఇవ్వాలనుకోండి. నీళ్ల పైపుకి టీ బిగించినట్టు లైన్‌ని రెండుగా చీలిస్తే సరిపోదా?

సరిపోదు. లైన్ తరంగానికి చూపించే అడ్డుని (ఇంపీడెన్స్) ఓమ్‌లలో కొలుస్తారు. 50 ఓమ్‌ల లైన్ చివర మరో రెండు 50 ఓమ్‌ల లైన్లు కలిపితే, వచ్చే తరంగానికి ఎదురయ్యేది 25 ఓమ్‌లు. ఆ తేడా వల్ల శక్తిలో తొమ్మిదో వంతు వెనక్కి తిరిగిపోతుంది. అంతకంటే పెద్ద తలనొప్పి, ఒక రిసీవర్‌లో పుట్టిన నాయిస్ (అక్కర్లేని సిగ్నల్) నేరుగా రెండో దానిలోకి దూరిపోవడం. పోనీ మూడు రెసిస్టర్లతో పంచుదామంటే సగం శక్తి వేడి కింద పోతుంది, నాయిస్ గొడవ అలాగే ఉంటుంది.

దీనికి 1960లో ఎర్నెస్ట్ విల్కిన్సన్ ప్రచురించిన పరిష్కారాన్నే ఇవాళ్టికీ వాడుతున్నాం. ఇన్‌పుట్ నుంచి లైన్ రెండు చేతులుగా చీలుతుంది. ఒక్కోటి పావు తరంగం పొడవు, 70.7 ఓమ్‌లు. పావు తరంగం లైన్‌కి ఒక గుణం ఉంది: చివరనున్న 50 ఓమ్‌లని మొదట్లో 100గా చూపిస్తుంది. అలాంటి 100 ఓమ్‌లు రెండు సమాంతరంగా కలిస్తే మళ్లీ 50 ఓమ్‌లే. ఇన్‌పుట్ దగ్గర తరంగం వెనక్కి తిరగదు.

అసలు అందమంతా రెండు అవుట్‌పుట్‌ల మధ్య పెట్టే 100 ఓమ్‌ల రెసిస్టర్‌లో ఉంది. సిగ్నల్ సమానంగా చీలినప్పుడు దాని రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ. కాబట్టి అందులో కరెంటు పారదు, ఏమీ వృథా కాదు. అదే ఒక అవుట్‌పుట్ నుంచి నాయిస్ వెనక్కి వస్తే రెండో దానికి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి రెసిస్టర్ గుండా, రెండోది రెండు చేతులూ చుట్టి. చుట్టుదారి సరిగ్గా అర తరంగం కావడంతో అటు వచ్చింది తలకిందులై చేరుతుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆ నాయిస్‌లో సగం రెసిస్టర్‌లో వేడవుతుంది, సగం ఇన్‌పుట్ వైపు పోతుంది.

జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఎఫ్ఆర్4 (గాజుపీచుతో చేసే) సర్క్యూట్ బోర్డు మీద ఒక్కో చెయ్యి సుమారు 27 మిల్లీమీటర్లు వస్తుంది. చేతులు పక్కపక్కనే నడిస్తే ఒకదాని సిగ్నల్ మరోదానిలోకి పాకుతుంది, దూరం చేస్తే చిన్న రెసిస్టర్ అందదు. అందుకే వాటిని ఉంగరంలా వంచి, కొసల్ని మాత్రం దగ్గరికి తెస్తారు.

డిజైన్ చేసేటప్పుడు లైన్ వెడల్పుల మీద పెట్టే శ్రద్ధ రెసిస్టర్ మీద కూడా పెట్టాలని గట్టిగా చెబుతాను. ఇదే సర్క్యూట్‌ని తిప్పి వాడి, రెండు 10 వాట్ల యాంప్లిఫయర్లని కలిపితే 20 వాట్లు వస్తాయి. ఒకటి ఆగిపోతే యాంటెనాకి చేరేది 5 వాట్లే, మిగతా 5 వాట్లూ రెసిస్టర్ మీద పడతాయి. అక్కడ పావు వాట్ రెసిస్టర్ పెట్టి ఉంటే అది మాడిపోతుంది.