స్విస్ కొండపల్లెల్లో సెలవులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్, విజయవాడ కుటుంబాలకు స్విట్జర్లాండ్ ప్రయాణాలు కుదిర్చిపెట్టడం నా పని. ఎక్కువమందిని బెర్నీస్ ఓబర్‌లాండ్ అనే కొండప్రాంతం వైపే పంపుతుంటాను. ఇంటర్లాకెన్, దాని వెనక లౌటర్‌బ్రున్నెన్ లోయ, పైన వెంగెన్, మ్యూరెన్, పక్కన గ్రిండెల్‌వాల్డ్. ఫోన్లో నేను వినే మాటలు ఇంచుమించు ఒక్కటే. సగం సినిమా పాటల్లోంచి వచ్చినవి, సగం పక్కింటివాళ్లు వెళ్లొచ్చి చెప్పినవి. వాటిల్లో డబ్బూ రోజులూ దండగ చేసేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: పిల్లల వేసవి సెలవుల్లో, మే నెలలో వెళ్తే కొండలన్నీ పచ్చగా ఉంటాయి

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. లౌటర్‌బ్రున్నెన్ లోయ 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ ఏప్రిల్ చివరికే గడ్డి లేచి, పసుప్పచ్చ డాండెలియన్ పూలతో నిండిపోతుంది. 2000 మీటర్ల దగ్గర కథ వేరు. మే నెలంతా అక్కడ మంచు కరుగుతూనే ఉంటుంది. కరిగిన చోటైనా పచ్చదనం కనిపించదు. పోయినేటి గడ్డి, కోత అయిపోయిన వరిమడిలా, రంగుపోయి నేలకు అంటుకుని ఉంటుంది. ఆవులు ఇంకా కింద కొట్టాల్లోనో, ఊరి చుట్టూ ఉన్న పొలాల్లోనో ఉంటాయి.

మంద ఒక్కసారే పైకెక్కదు. కింద గడ్డి అయిపోతుండగా పైన గడ్డి ఎదుగుతుంది, దాని వెనకే ఆవులు వెళ్తాయి. మే చివర్లో నడిమెత్తు మేతకు, జూన్ రెండో సగంలో పైమేతకు, సెప్టెంబరులో మళ్లీ కిందికి. అంతా కలిపి వంద రోజుల కాలం. దిగే రోజున ఆవుల తలలకు పూలు కట్టి, మెడలో పెద్ద గంటలు వేసి ఊరి వీధుల్లోంచి నడిపిస్తారు. కొండమీది ఈ మేతకాలాన్ని యునెస్కో 2023 డిసెంబరులో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మీరు ఫొటోల్లో చూసి ముచ్చటపడింది ఈ వంద రోజులనే.

రోప్‌వేల సంగతి కూడా ఇలాంటిదే. స్కీయింగ్ అయిపోయాక, వేసవి జనం రాకముందు, అంటే ఏప్రిల్-మే నెలల్లోనూ మళ్లీ నవంబరులోనూ చాలావాటిని ఆపి తనిఖీలు, మరమ్మతులు చేస్తారు. అన్నీ ఒకే వారం ఆగవు. అన్నిటికన్నా పైకి, మంచు శిఖరాల నడుమకు వెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలు ఏడాది పొడవునా నడుస్తుంది. షినీగె ప్లాటె కొండకు వెళ్లే పళ్లచక్రాల రైలు (పట్టాల నడుమ పళ్ల కమ్మిని పట్టుకుని ఎక్కేది) 1893 నుంచి ఉన్నా, ఇప్పటికీ వేసవిలోనే తిరుగుతుంది. హోటళ్లవాళ్లు కూడా ఇదే అదనని తాళాలు వేసి తమ సెలవులకు వెళ్లిపోతారు. ఆఫ్ సీజన్ అని మురిసిపోయి గది తీసుకున్నవాళ్లకు చవకగా దొరికేది ఆ గది ఒక్కటే.

మరి బడులు జూన్ 12కు తెరుస్తారు కదా, ఏం చెయ్యాలి అంటారు. మే తప్ప కుదరదంటే ఆఖరి వారం పెట్టుకోండి, పైమేతల ఆశ వదిలేసి జలపాతాల కోసం వెళ్లండి. మంచు కరిగే రోజులు కాబట్టి అవి అప్పుడే నిండుగా దూకుతుంటాయి. లౌటర్‌బ్రున్నెన్ ఊరి నెత్తిమీద నుంచి పడే స్టౌబ్‌బాఖ్ ఎత్తు 297 మీటర్లు. కొండ కడుపులో దూకే ట్రూమెల్‌బాఖ్ ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల హిమానీనదాల నీటిని ఒక్కటే దించుకుంటుంది. ఆ నీళ్లు సెకనుకు 20,000 లీటర్ల దాకా వస్తాయి. లోపలికి వెళ్తే పక్కమనిషి మాట వినపడదు.

నన్నడిగితే దసరా సెలవులు మేలు. ఈ మాట చెప్తే నమ్మరు గానీ, సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో ఆకాశం తేటగా ఉంటుంది, రోప్‌వేలు చాలావరకు నడుస్తుంటాయి, జనం పలచబడతారు. పైమేతలు ఖాళీ అయిపోతాయి గానీ, ఆవులు ఊరి పక్కనే మేస్తూ దొరుకుతాయి.

అపోహ: ఇంటర్లాకెన్‌లో గది తీసుకుంటే చాలు, పైఊళ్లు ఒక పూటలో చూసి దిగొచ్చు

చూసి దిగొచ్చు, కాదనను. కానీ ఇంటర్లాకెన్ 570 మీటర్ల ఎత్తున, రెండు సరస్సుల నడుమ ఉన్న లోయ పట్నం. మీరు టిఫిన్ చేసి, రైలెక్కి, పైకి చేరేసరికి పది దాటుతుంది. అదే వేళకు బస్సుల్లో వచ్చిన జనమంతా అక్కడే ఉంటారు. కొండలమీద వేసవిలో మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టడం, ఉరుములతో వాన పడడం మామూలే. మంచి వెలుతురంతా పొద్దునపూటే. ఆ పూట కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ కనపడాలంటే రాత్రి పైనే పడుకోవాలి.

"కార్లు వెళ్లవటగా, అమ్మానాన్నలతో ఎలా?" అని తప్పకుండా అడుగుతారు. వెంగెన్ (1274 మీటర్లు), మ్యూరెన్ (1638 మీటర్లు) రెండింటికీ కారు దారి లేని మాట నిజమే. వెంగెన్‌కు లౌటర్‌బ్రున్నెన్ నుంచి నేరుగా పళ్లచక్రాల రైలుంది. చాలా హోటళ్లు ముందే చెబితే స్టేషనుకు బ్యాటరీ బండి పంపుతాయి. అసలు ఇబ్బంది మన సూట్‌కేసులతోనే. రైలు మారడానికి అయిదారు నిమిషాలే ఉన్న చోట, నలుగురికి ఆరు పెద్ద పెట్టెలుంటే ఎవరి ప్రయాణమైనా రసాభాస అవుతుంది. మనిషికి ఒక చిన్న పెట్టె చాలు. పెద్దవి కింద స్టేషన్ లాకర్లో పెట్టండి.

అపోహ: స్విస్ ట్రావెల్ పాస్ కొంటే ఇక దేనికీ డబ్బు కట్టక్కర్లేదు

రైళ్లకు, బస్సులకు, సరస్సు పడవలకు కట్టక్కర్లేదు. కొండ రైళ్లు, రోప్‌వేల దగ్గరే లెక్క మారుతుంది. ఈ పాస్ మీద వెంగెన్, గ్రిండెల్‌వాల్డ్, మ్యూరెన్ దాకా పూర్తిగా చెల్లుతుంది. అక్కణ్నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు పావు వంతు మాత్రమే తగ్గిస్తారు. అదే హాఫ్ ఫేర్ కార్డుకు సగం తగ్గిస్తారు. ఒకే ఊళ్లో నాలుగైదు రోజులుండి కొండలే ఎక్కేవాళ్లకు చాలాసార్లు హాఫ్ ఫేర్ కార్డే గిట్టుబాటు. జూరిక్, లూసర్న్, జెనీవా అంటూ రోజుకో ఊరు తిరిగేవాళ్లకు పాస్ నయం. ఏజెంటు చెప్పాడని కొనేయకండి, మీ రోజుల్ని ఒక కాగితం మీద రాసుకుని కూడి చూడండి. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు, తల్లిదండ్రుల్లో ఒకరికి పాస్ ఉంటే ఉచితంగా ఫ్యామిలీ కార్డు ఇస్తారు. దీన్ని అడగనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: ఎంత ఎత్తుకు వెళ్తే అంత గొప్ప

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషను 3454 మీటర్లు. 1896లో తవ్వడం మొదలుపెట్టి, ఐగర్, మోంఖ్ కొండల్లోంచి సొరంగం తొలిచి, 1912లో పైదాకా రైలు నడిపారు. అది చూడదగ్గ పనే. పైనుంచి కనిపించే అలెచ్ హిమానీనదం ఆల్ప్స్ అన్నిట్లోకి పెద్దది. అయితే గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఇప్పుడు గంటలోపే 2500 మీటర్లు పైకి తీసుకెళ్లిపోతారు. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. తలనొప్పి, వికారం, నాలుగు మెట్లకే ఆయాసం రావడం వింతేమీ కాదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లల తల్లులు డాక్టరుని అడక్కుండా టికెట్ కొనకండి. పైకి చేరగానే పరుగెత్తకండి, నీళ్లు తాగుతూ ఉండండి.

ఇంకొక మాట. ఆ టికెట్ ఖరీదుకు మబ్బు అడ్డం రాకూడదన్న షరతేమీ ఉండదు. శిఖరాలన్నిటికీ లైవ్ కెమెరాలున్నాయి. చాలా హోటళ్లలో టీవీలోనే చూపిస్తారు. పొద్దున లేచి అది చూశాకే టికెట్ తియ్యండి.

ఒక్కరోజే ఉందంటే నేనైతే మెన్లిఖెన్ కొండకు పంపుతాను. వెంగెన్ నుంచి రోప్‌వేలో కొన్ని నిమిషాలు. అక్కణ్నుంచి క్లైనె షైడెక్ కనుమ దాకా నాలుగున్నర కిలోమీటర్ల కాలిబాట, కొంచెం కొంచెంగా దిగుడు. ఐగర్ ఉత్తర గోడ దారి పొడుగునా ఎదురుగానే ఉంటుంది. రోజూ పార్కులో నడిచే పెద్దవాళ్లు హాయిగా నడవగలరు.

అపోహ: ఆ పచ్చిక బయళ్లు ఎవరివీ కావు, ఎక్కడైనా దిగి ఆడుకోవచ్చు

పాటల పుణ్యమా అని పాతుకుపోయిన నమ్మకం ఇది. మోకాలెత్తు పూలగడ్డి కనిపించగానే చీర కొంగు పట్టుకుని పరుగెత్తాలనిపిస్తుంది, తప్పులేదు. కానీ ఊరి చుట్టూ ఉన్న ఆ గడ్డి కోతకు పెంచుతున్న పంట. చలికాలమంతా కొట్టంలో ఉండే ఆవులకు అదే తిండి. తొక్కిన గడ్డి కొడవలికి అందదు, యంత్రానికీ అందదు. మన వరిచేలో ఎవరైనా ఫొటోలకు దిగితే మనం ఊరుకుంటామా?

పైన మేతభూములు వేరు. చాలావాటి మధ్యలోంచే కాలిబాటలు వెళ్తాయి, నడవచ్చు. దారికడ్డంగా సన్న తీగ, దానికొక ప్లాస్టిక్ పిడి ఉంటుంది. తీగలో కరెంటు ఉంటుంది కాబట్టి పిడి మాత్రమే పట్టుకుని కొక్కెం తీసి, అందరూ దాటాక మళ్లీ తగిలించాలి. తెరిచి వదిలేస్తే ఆవులు ఎటైనా పోతాయి. దూడలున్న మంద కనిపిస్తే దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. గోమాతే కదా అని దూడను నిమరబోతే తల్లి కుమ్ముతుంది. ఈ హెచ్చరిక బోర్డులు కంచెల దగ్గర కనిపిస్తూనే ఉంటాయి, మనవాళ్లు వాటి పక్కన నిలబడే సెల్ఫీ తీసుకుంటారు.

అపోహ: చీజ్ దేశం కాబట్టి శాకాహారులకు దిగుల్లేదు

దిగుల్లేకపోలేదు. కొండమీది పాకలో చీజ్ చేసే తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. కట్టెల మంట మీద పెద్ద రాగి కాగు. నిన్న సాయంత్రం పాలూ ఈ పొద్దుటి పాలూ అందులో కలిసి ఉంటాయి. గోరువెచ్చగా కాగాక రెన్నెట్ వేస్తారు, పాలు గడ్డకడతాయి. తీగలు బిగించిన చట్రంతో ఆ గడ్డను గింజలంత ముక్కలయ్యేదాకా కోసి, మళ్లీ వేడిచేస్తారు. ఆపైన పలచటి గుడ్డ అంచును వంగే పట్టీకి చుట్టి, కాగు అడుగునుంచి దూసి, ముద్దనంతా ఒక్కసారే పైకెత్తుతారు. మిగిలిన విరుగుడు నీళ్లు పందులకు పోస్తారు. ఇందులో వేసిన రెన్నెట్ దూడ పొట్టలోంచి తీసినది. పాతపద్ధతి స్విస్ చీజ్‌లు ఎక్కువగా దానితోనే చేస్తారు. కొందరికి ఇది పట్టింపు కాదు, కొందరికి పెద్ద పట్టింపు. మీరు రెండో రకమైతే సూపర్‌మార్కెట్లో మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో చేసినది) అని రాసినది వెతకండి.

కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకు తినే ఫాండ్యూలో వైట్ వైన్ పోస్తారు. రోష్టి అంటే బంగాళాదుంప వేపుడే గానీ పంది మాంసం ముక్కలు వేసి తేవచ్చు, ముందే చెప్పాలి.

అందుకే కుటుంబాలకు వంటగది ఉన్న అపార్ట్‌మెంటే చూస్తాను. బియ్యం, పెరుగు, కూరగాయలు కోప్, మిగ్రోస్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆదివారం మాత్రం ఎక్కువ దుకాణాలు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లండి. మాంసం, పాలతో చేసినవి మన దేశం నుంచి తీసుకెళ్లడం నిషేధం కాబట్టి నాటుకోడి పచ్చడి, పాలకోవా, నెయ్యి డబ్బా ఇంట్లోనే వదిలెయ్యండి.

అపోహ: మంచినీళ్ల సీసాలు కొనుక్కోవాలి

కొనక్కర్లేదు. కుళాయి నీళ్లు, ఊరి నడిమి తొట్టి నీళ్లు తాగేవే. తాగకూడనిచోట బోర్డు ఉంటుంది.

అపోహ: కొండ నడకంటే ట్రెక్కింగే, మనవల్ల కాదు

అక్కడ దారి గుర్తుల రంగే చెప్తుంది. పసుప్పచ్చ బాట ఎవరైనా నడవచ్చు. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండబాట, పట్టున్న బూట్లూ, తూలని అడుగూ కావాలి. తెలుపు-నీలం-తెలుపు వైపు పోకండి. బోర్డు మీద దూరానికి బదులు సమయం రాస్తారు. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క, ఫొటోలూ పులిహోరా అందులో లేవు, సగం కలుపుకోండి. ముందుగా చూసుకోవాల్సింది ఆఖరి రోప్‌వే వేళ. చాలాచోట్ల అది సాయంత్రం అయిదారు గంటలకే ఆగిపోతుంది.

వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు చలి పెరుగుతుంది కాబట్టి జూలైలోనైనా వాన కోటు, స్వెట్టరు సంచిలో ఉండాలి. కొండ మీద దెబ్బ తగిలితే రేగా హెలికాప్టర్ సేవ నంబరు 1414. వీసా కోసం తీసుకున్న బీమా పాలసీలో కొండ మీంచి దించే ఖర్చు కలిసుందో లేదో బయల్దేరేముందే చదవండి. లేకపోతే అది కూడా కలిపి తీసుకోండి.