ఆదివారం రాత్రి మంచు తుఫాను: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలోని మా ఎడిసన్ వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం ఎంత మంచు పడుతుందని రెండు రోజులుగా ఒకటే గోల. ఒకరు 24 అంగుళాలని స్క్రీన్‌షాట్ పెడితే గంట తిరక్కుండానే ఇంకొకరు 3 అంగుళాలేనట అని పెడుతున్నారు. నేను వాతావరణ శాఖ మనిషిని కాదు, పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్లు వాతావరణ మోడళ్లు, అంటే కంప్యూటర్లు లెక్కగట్టే అంచనాలు చూసుకునే పిచ్చి, అంతే. అందరూ అడిగేవి ఇవే కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: యాప్‌లో 18 అంగుళాలని ఉంది, అంటే 18 పడుతుంది.

వాస్తవం: ఆ అంకె చాలాసార్లు ఒక్క మోడల్ ఒక్క రన్‌లో చెప్పిన మాట. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే మోడల్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, నడిచిన ప్రతిసారీ అంకె మారుతుంది. ఈ తుఫానుకు మూలమైన పైగాలుల అల ఇవాళ గురువారం ఇంకా పసిఫిక్ మీదే ఉంది, అది నేల మీదకొచ్చి వాతావరణ బెలూన్లకు చిక్కేదాకా ఏ మోడల్‌కీ దాని బలం సరిగ్గా అందదు. పైగా షేర్ అయ్యే మ్యాపుల్లో చాలావాటిలో ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అని గుడ్డిగా లెక్క కట్టేస్తారు. తడి మంచు అంత ఎత్తు పేరుకోదు. అందుకే నేను ఎన్‌సెంబుల్ చూస్తాను, అంటే ఆరంభ పరిస్థితుల్ని కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను పదుల సార్లు నడిపిన ఫలితాలు. పొద్దున యూరోపియన్ ఎన్‌సెంబుల్‌లో తుఫాను దారులు ఇంకా రెండు గుంపులుగా విడిపోయి ఉన్నాయి. ఆ రెంటి సగటు తీసి చెప్పినా అబద్ధమే అవుతుంది.

అపోహ: తుఫాను తీరానికి ఎంత దగ్గరగా వస్తే మనకి అంత మంచు.

వాస్తవం: కాకినాడ దగ్గర తీరం దాటుతుందా, మచిలీపట్నం దగ్గరా అని టీవీ ముందు కూర్చుని పెరిగిన వాళ్లం, అలా అనుకోవడం సహజమే. ఇక్కడ అమెరికా తూర్పు తీరం వెంబడి వచ్చే ఈ తుఫానును నారీస్టర్ అంటారు, ఇది వేరే రకం. బంగాళాఖాతం తుఫాను వెచ్చటి సముద్రం నుంచి బలం తెచ్చుకుంటుంది, దీనికి మాత్రం అసలు బలం కెనడా నుంచి దిగే చలిగాలికీ అట్లాంటిక్ మీది వెచ్చటి గాలికీ మధ్య ఉన్న తేడా. అల్పపీడన కేంద్రం తీరం వెంబడి ఈశాన్యంగా సాగిపోతుంది, దాని చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కేంద్రం మరీ ఒడ్డును రాసుకుంటూ వెళ్తే సముద్రపు వెచ్చటి గాలి మన మీదకే వచ్చి మంచు కాస్తా వాన అయిపోతుంది. మరీ దూరంగా పోతే నాలుగు మంచు రేకులు రాలి ఊరుకుంటుంది. ఇక్కడి వాళ్లు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటును బెంచ్‌మార్క్ అంటారు. కేంద్రం దానికి దగ్గరగా వెళ్తోందంటే మంచు ఎత్తే షవల్ బయటికి తీయొచ్చు. యాభై మైళ్లు అటో ఇటో జరిగితే కథ మొత్తం మారిపోతుంది.

బయట 30 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే గడ్డకట్టే చలి ఉంది కదా, ఇంక వానెలా పడుతుంది అని ఒకాయన వాదించాడు. వాన కాకపోవచ్చు, స్లీట్ పడొచ్చు. కొన్ని వేల అడుగుల ఎత్తులో ఒక్క వెచ్చటి పొర దూరితే చాలు, రేకు అక్కడ కరిగి, కిందకొచ్చేలోపు మళ్లీ గడ్డకట్టి కిటికీ మీద టపటపా కొడుతుంది. 2017 మార్చిలో న్యూయార్క్‌కి అడుగుకు పైగా అని చెబితే సెంట్రల్ పార్కులో 7.6 అంగుళాల దగ్గర ఆగింది, చాలావరకు ఈ స్లీట్ వల్లే.

అపోహ: 2015లో ఊరికే భయపెట్టారు, ఇదీ అంతే.

వాస్తవం: ఆ జనవరిలో న్యూయార్క్‌కి రెండడుగులన్నారు, సబ్‌వే కూడా ఆపేశారు, చివరికి సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. అదే తుఫాను బోస్టన్‌లో రెండడుగులు పోసింది. అంటే తుఫాను వచ్చింది, దాని పడమటి అంచు ఎక్కడ ఆగుతుందన్నదే తప్పింది. మరుసటి ఏడాది జనవరిలో అదే సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడి రికార్డయింది. ఒకసారి తప్పింది కాబట్టి ఇక పట్టించుకోం అనే వాళ్లతో నాకు ఓపిక లేదు.

అపోహ: బ్లిజార్డ్ అంటే బోలెడంత మంచు.

వాస్తవం: నిర్వచనంలో అంగుళాల ఊసే లేదు. గంటకు 35 మైళ్ల గాలి, పావు మైలు కూడా కనపడకపోవడం, ఈ రెండూ మూడు గంటలు కొనసాగాలి.

ఇక నా అంచనా అడిగితే, ఎడిసన్ చుట్టుపక్కల 5 నుంచి 10 అంగుళాలు, మధ్యలో స్లీట్. ఉత్తరాన పార్సిపనీ వైపు అంతకంటే ఎక్కువ, దక్షిణాన తీరం దగ్గరి టామ్స్ రివర్ వైపు చాలావరకు వాన. శనివారం ఉదయం మోడళ్లు చూశాక మారిస్తే మారుస్తాను.

అపోహ: కారు ఆరుబయటే ఉందిగా, ఇంజిన్ ఆన్ చేసుకుని హీటర్ వేసుకుని కూర్చుంటే ఏం కాదు.

వాస్తవం: 2016 తుఫానప్పుడు మన పక్కనే పసాయిక్‌లో తల్లీ పసివాడూ అలా కూర్చునే చనిపోయారు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చింది. పిల్లల్ని కారులో కూర్చోబెట్టి మంచు ఎత్తే అలవాటు మనవాళ్లలోనూ చూస్తున్నా. డ్రైవ్‌వే సంగతి తర్వాత, ముందు ఆ గొట్టం చుట్టూ మంచు తీసేసి ఆ తర్వాతే తాళం తిప్పండి, అప్పటిదాకా పిల్లలు ఇంట్లోనే ఉండనివ్వండి.