సీసపు పట్టీని సిద్ధం చేయడం: అపోహలు - వాస్తవాలు

మెదక్ కెథడ్రల్ కిటికీలను చూసినవాళ్ళు రంగుల గురించే చెబుతారు. ఆ గాజు ముక్కల మధ్య నల్లటి గీతల్లా కనబడేవి వాటిని కలిపి పట్టి ఉంచే సీసపు పట్టీలు. పట్టీని అడ్డంగా కోసి చూస్తే ‘హెచ్’ అక్షరంలా ఉంటుంది: నడుమ సన్నటి గోడ, పైనా కిందా రెక్కలు, ఇరుపక్కలా గాజు కూర్చునే గాడులు. ఇలా గాజు ముక్కలు కూర్చి కట్టిన పలకను ప్యానెల్ అంటారు, దాని అంచులకు ‘యు’ ఆకారపు పట్టీ కూడా వాడతారు. గాజు కోయడం మీద ఉన్న శ్రద్ధ ఈ పట్టీ మీద ఉండదు. తొందరపడి సిద్ధం చేసిన సీసంతో కట్టిన ప్యానెల్ ఎంత మంచి గాజు పెట్టినా కుదురుగా నిలవదు.

అపోహ: సాగదీస్తే సీసం గట్టిపడుతుంది. ఎంత లాగితే అంత మంచిది.

రాగి తీగను లాగితే బిరుసెక్కుతుంది కాబట్టి సీసం కూడా అంతేననుకుంటారు. కానీ స్వచ్ఛమైన సీసం గది వేడిమికే లోపలి స్ఫటికాలను మళ్ళీ కొత్తగా పేర్చుకుంటుంది. లాగడంతో వచ్చిన బిరుసు నిలవదు. మనం లాగేది వంకరలు, మెలికలు పోయి పట్టీ తిన్నగా రావడానికి, అందులో ఉన్న వదులు ముందే తీసేయడానికి. లాగకుండా వాడిన పట్టీ గాజు అంచును ఆనుకుని కూర్చోదు. గీత అలలు అలలుగా కనబడుతుంది.

పట్టీ సాధారణంగా 6 అడుగుల పొడవుంటుంది. ముందు చేత్తో మెలికలు విప్పండి. గాడులు రెండు కొసల్లోనూ ఒకే దిక్కుకు ఉన్నాయో లేదో చూసుకోండి. మెలికతోనే లాగితే ఆ మెలిక అలాగే ఉండిపోతుంది. ఒక కొసను బల్లకు బిగించిన సీసపు వైస్‌లో (పట్టీ కొసను కరిచి పట్టుకునే పనిముట్టు) పెట్టి, రెండో కొసను ప్లయర్స్‌తో పట్టుకుని, కుదుపు లేకుండా నిదానంగా లాగండి. రెండు మూడు సెంటీమీటర్లు సాగి, చేతికి బిగువు తెలిస్తే చాలు. ఇంకా లాగితే నడుమ గోడ పలచబడుతుంది, రెక్కలు ఇరుకవుతాయి, పైభాగం గరుకు తేలుతుంది. అలాంటి పట్టీని తుక్కులో వేయండి. లాగేటప్పుడు ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడాలి, వెనక గాజు గానీ బల్ల అంచు గానీ ఉండకూడదు. పట్టీ తెగినా, వైస్ నుంచి జారినా మనిషి వెనక్కి పడతాడు.

నలిగిన కొసలు రెండూ కోసేయండి. తర్వాత గాడి తెరవాలి. లాగినప్పుడు గాడి కొద్దిగా మూసుకుంటుంది కాబట్టి ఈ పని లాగిన తర్వాతే. నున్నటి కర్ర, ఎముక లేదా నైలాన్ పుల్లను గాడిలో పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు జరపాలి. స్క్రూడ్రైవర్ వాడితే రెక్క చిరుగుతుంది. ఆ రోజు వాడే పట్టీలనే ఆ రోజు లాగండి. లాగిన పట్టీని పక్కన పడేస్తే మళ్ళీ వంగిపోతుంది.

అపోహ: సీసం ఎంత స్వచ్ఛంగా ఉంటే కిటికీ అంతకాలం ఉంటుంది.

ఇది బంగారం లెక్క, సీసానికి వర్తించదు. స్వచ్ఛమైన సీసం తన బరువుకు తానే మెల్లగా జారుతుంది. పైగా వేడికి అది గాజు కంటే దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మీటరు పొడవున 30 డిగ్రీల తేడా వస్తే సీసం సుమారు 0.9 మిల్లీమీటర్లు, గాజు 0.3 లోపే సాగుతాయి. తెలంగాణ ఎండలో పడమటి గోడకు పెట్టిన ప్యానెల్‌కు ఈ సాగుడూ ముడుచుకోవడమూ రోజూ ఉండేవే. ఏళ్ళ తరబడి ఇలా జరిగాక టంకం అంచు పక్కనే సీసం చిట్లుతుంది. అందుకే యూరప్‌లో పాత చర్చి కిటికీలు బాగుచేసేవాళ్ళు చాలామంది యాంటిమొనీ, తగరం, రాగి, వెండి, బిస్మత్ వంటివి అతి స్వల్పంగా కలిసిన మిశ్రమ సీసం వాడతారు. గదిలో వేలాడే చిన్న ప్యానెల్‌కు మామూలు మెత్తటి సీసం సరిపోతుంది, మెలికల డిజైన్‌కు అదే సులువు కూడా. బయటి గోడకు పెట్టేదైతే మిశ్రమ సీసమే కొనమంటాం. పెద్ద కిటికీకి అదీ చాలదు, బరువు మోయడానికి అడ్డంగా లోహపు కడ్డీలు ఉండాల్సిందే.

అపోహ: రాగి ఫాయిల్‌కు వేసిన నమూనానే సీసానికీ వాడొచ్చు.

వాడితే ప్యానెల్ ఫ్రేములో పట్టదు. ఫాయిల్ పనిలో, అంటే సీసపు పట్టీ బదులు గాజు అంచులకు పలచటి రాగి రేకు చుట్టి టంకంతో అతికే పద్ధతిలో, ముక్కల మధ్య సుమారు 0.8 మిల్లీమీటర్ల సందు వదులుతాం. సీసపు పట్టీ నడుమ గోడే సుమారు 1.5 ఉంటుంది, నమూనాలో 1.6 దాకా వదలాలి. ఒక వరుసలో 10 అతుకులుంటే 8 మిల్లీమీటర్ల వెడల్పు అదనంగా వచ్చి పడుతుంది.

పట్టీ పొడవు విషయంలోనూ ఇలాంటి పొరపాటే చేస్తుంటారు. గాజు అంచు ఎంతుంటే పట్టీ అంత కోస్తారు. అడ్డంగా వచ్చే పట్టీ రెక్క గాజు మీదికి కప్పుకుంటుంది కాబట్టి, మన పట్టీ ఆ రెక్క అంచు దగ్గరే ఆగాలి. 6 మిల్లీమీటర్ల పట్టీలో 1.5 నడుమ గోడ తీసేస్తే మిగిలిన 4.5లో సగం, అంటే 2.25 ఒక్కో రెక్క. గాజు కంటే పట్టీ ఒక్కో కొసన ఆ మేరకు పొట్టిగా ఉండాలి. పొడవైతే గాజు అవతలి గాడిలో పూర్తిగా దిగదు, అక్కడ మొదలైన తేడా ప్యానెల్ చివరిదాకా పాకుతుంది. మరీ పొట్టిదైతే టంకం ఆ ఖాళీలోంచి కిందికి జారుతుంది. చిన్న ఖాళీ అయితే సీసపు తునకను ఇరికించి అతకవచ్చు, పెద్దదైతే కొత్త పట్టీ కోయడమే మేలు.

అపోహ: మెత్తటి లోహమే కదా, దేంతో కోసినా ఒకటే.

మెత్తన కాబట్టే నలుగుతుంది. కత్తితో కోస్తే పలచటి, పదునైన అలుగును రెక్క మీద నిలువుగా ఆనించి, అటూ ఇటూ ఊపుతూ మెల్లగా దించాలి. ఒక్కసారిగా నొక్కితే రెక్కలు గాడిలోకి కూలతాయి. సీసం కోసే కట్టర్ అయితే దాని దవడలు పట్టీకి ఇరుపక్కలా, గాడుల వైపు నుంచి రావాలి. పైనుంచీ కిందనుంచీ పట్టుకుంటే రెక్కలు నలిగిపోతాయి. కట్టర్‌కు చదునుగా ఉన్న వైపు మీకు కావాల్సిన ముక్క ఉండాలి, రెండో వైపు కొస మొనతేలి వస్తుంది. అతుకు ఏటవాలుగా ఉంటే అడ్డుపట్టీ కోణాన్నే కొస మీద గీసుకుని కోయండి.

అపోహ: నల్లబడిన సీసాన్ని ఫ్లక్స్ శుభ్రం చేసేస్తుంది.

టంకం అంటుకోవడానికి అతుకు మీద ముందుగా రాసేదే ఫ్లక్స్. తేలికపాటి పొర వరకైతే సరే. బూడిద రంగు తిరిగిన పట్టీ మీద టంకం గోళీలా ఉండచుట్టుకుంటుంది, అంటదు. అతుకు పడే చోట మాత్రం టంకం వేసే ముందు ఇత్తడి బ్రష్‌తో మెరుపు వచ్చేదాకా రుద్దండి. ఫ్లక్స్‌గా ఓలియిక్ యాసిడ్ లేదా స్టియరిన్ వాడండి. టంకం పట్టలేదని ఐరన్ (టంకం వేసే వేడి పనిముట్టు) వేడి పెంచుకుంటూ పోవద్దు: సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, 60/40 టంకం (60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం) 190 దగ్గర పూర్తిగా ద్రవమవుతుంది. మురికి అతుకు మీద ఐరన్‌ను ఎక్కువసేపు ఆనిస్తే పట్టీయే కరిగి గుంట పడుతుంది.

అపోహ: సీసాన్ని ముట్టుకుంటే చర్మంలోంచి విషం ఎక్కుతుంది, గ్లవ్స్ వేసుకుంటే ఇక భయం లేదు.

లోహపు సీసం చర్మం గుండా ఎక్కడం చాలా తక్కువ. అసలు దారి నోరు, ముక్కు. చేతికంటినది అన్నంతో లోపలికి పోతుంది, ధూళి శ్వాసతో పోతుంది. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే ఫోన్, టీ కప్పు ముట్టుకుంటే వాటి ప్రయోజనం లేదు. పనిబల్ల దగ్గర ఏదీ తినొద్దు, తాగొద్దు. లేచిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. బల్లను తడిగుడ్డతో తుడవండి, చీపురుతో ఊడ్చొద్దు. పాత పట్టీల మీద తెల్లటి పొడి అన్నిటికంటే ప్రమాదం, దాన్ని పొడిగా గీకకూడదు. పనిబట్టలు విడిగా ఉతకాలి. పిల్లలనూ గర్భిణులనూ పనిగదిలోకి రానివ్వొద్దు.

అపోహ: సీసానికి తుప్పు పట్టదు, ఎక్కడ పెట్టినా పరవాలేదు.

ఇనుములా తుప్పు పట్టదు గానీ, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి తగిలితే తెల్లటి పొడిగా మారుతుంది. ఓక్ వంటి కొన్ని చెక్కలు కూడా ఇలాంటి ఆవిరిని వదులుతాయి. పట్టీలను తడిలేని చోట, బల్లపరుపుగా, తిన్నగా పడుకోబెట్టి ఉంచండి. ప్యానెల్ బిగించేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, ఆ వాసన ఆ ఆమ్లానిదే. వాసన లేని న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి.