పాత తపాలా బిళ్లల అచ్చుతప్పులు: అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌ పాత ఇళ్ల ట్రంకుపెట్టెల్లో నిజాం కాలపు ఉత్తరాలు ఇంకా దొరుకుతున్నాయి. వాటి మీది బిళ్లలో తేడా కనబడితే ముందు ఆలోచించాల్సింది ఒకటే: ఈ తప్పు ప్రెస్సులో ఎట్లా జరిగి ఉంటుంది?

అపోహ: పాత బిళ్లలో ఏ తప్పున్నా లక్షలు పలుకుతుంది.
వాస్తవం: బిళ్లలను చింపి విడదీయడానికి అంచుల్లో వేసే చిల్లులు కాస్త పక్కకు జరగడం, సిరా మరక పడటం మామూలే. వీటికి పెద్ద ధర రాదు. 1854లో కలకత్తాలో వేసిన నాలుగణాల బిళ్ల సంగతి వేరు. ఎర్ర చట్రం ఒకసారి, నీలం రంగు విక్టోరియా తల ఇంకోసారి అచ్చువేయాలి. ఈ మధ్యలో కొన్ని కాగితాలు తిరగబడి తల కిందులైంది. అమెరికా 1918 నాటి 24 సెంట్ల విమానం బిళ్లకూ ఇదే జరిగింది. వంద బిళ్లల షీటు ఒక్కటి జనం చేతికి వచ్చింది. ఒకే రంగు బిళ్లలో చట్రం, తల ఒకే దెబ్బకు పడతాయి. అందులో తల ఒక్కటే తిరగబడిందని ఎవరన్నా నమ్మకండి.

అపోహ: రంగు మారితే అచ్చుతప్పే.
వాస్తవం: చాలాసార్లు అది ఎండ పని. ఆకుపచ్చలోని పసుపు వెలిసిపోతే నీలం మిగులుతుంది. సీసం కలిసిన సింధూరం రంగు గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. నిజాం ప్రభుత్వం 1947లో వేసిన మూడణాల బిళ్ల మీద మన వరంగల్ కోట కాకతీయ తోరణం ఉంది, ఎంత ముచ్చటైన బిళ్లో! దాన్నైనా ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పొద్దు. అదే రకానివి మరో రెండు మూడు పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చండి.

అపోహ: అంచుకు చిల్లుల్లేని బిళ్ల అరుదైనది.
వాస్తవం: 1854 బిళ్లలకు అసలు చిల్లులే లేవు, కత్తిరించి అంటించేవారు. తర్వాతి కాలపు వాటిలో వెడల్పు అంచున్నది చూసి చిల్లులు కోసేసి అమ్ముతారు. విడదీయని జత ఉండి, రెండింటి నడుమ చిల్లు లేకపోతేనే లెక్కలోకి తీసుకోండి.

అపోహ: పైముద్ర (అచ్చయిన బిళ్ల మీద తర్వాత వేసే అక్షరాలు) తలకిందులైతే చాలు, కొనేయొచ్చు.
వాస్తవం: దొంగ పైముద్రలు కొల్లలు. పది రెట్ల భూతద్దంతో చూడండి. పోస్టాఫీసు ముద్ర సిరా కింద, పైముద్ర సిరా పైన ఉంటే, ఉత్తరం చేరాక ఎవరో కొట్టిందే అది.

అపోహ: 1948 గాంధీ పది రూపాయల బిళ్ల మీద ‘సర్వీస్’ అన్న పైముద్ర ఉంటే అది అచ్చుతప్పు.
వాస్తవం: కాదు. గవర్నర్ జనరల్ వాడకానికి కావాలనే వంద వేయించారు.

అనుమానం ఉన్న బిళ్ల కవరు మీదుంటే నానబెట్టి ఊడదీయకండి. ఊరు, తేదీ ఉన్న ముద్ర కవరు మీదికి కూడా పాకి ఉంటే, ఆ బిళ్ల ఆ రోజు ఆ కవరు మీదే ఉందనడానికి అంతకన్నా గట్టి ఆధారం దొరకదు.